పిల్లాడు ఫోన్ పగలగొడితే పోయేదెంత?

2025-26 సీజన్‌కు పొడుగు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. అదే ఏడాది తెలంగాణలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఈ రెండింటితో కొలిస్తే 24,000 రూపాయల సెల్‌ఫోన్ అంటే ఆదిలాబాద్ రైతుకు దాదాపు మూడు క్వింటాళ్ల పత్తి. కూలికి పోయే ఇంటికి 78 రోజుల కష్టం. అలాంటి ఫోన్ మూడేళ్ల పిల్లాడి చేతిలోంచి జారి నేలమీద పడితే తల్లిదండ్రుల గుండె గుభేల్మనడంలో వింతేమీ లేదు.

అయితే ఆ క్షణంలో మనసులో మెదిలే అంకె 24,000. నిజంగా పోయింది మాత్రం అంత కాదు. పోయింది ఎంత, అందులో తిరిగి వచ్చేది ఎంత, పిల్లాడి వంతు ఎంత అనేవి ఒక్కొక్కటిగా లెక్క వేద్దాం. ఇక్కడ వాడిన ఫోన్ ధర, రిపేరు ఖర్చు ఉదాహరణ కోసం తీసుకున్నవి. వాటి స్థానంలో మీ అంకెలు పెట్టుకుంటే మీ ఇంటి లెక్క వస్తుంది.

మొదటి పది నిమిషాల్లో ఏం చేయాలి?

ముందు పిల్లాడి కాళ్లు చూడండి. పగిలిన స్క్రీన్ గాజు సన్నని ముక్కలుగా రాలుతుంది, బండల మీద కంటికి ఆనదు. "దెబ్బ తగిలిందా బిడ్డా? కాళ్లు కదపకు, గాజు ముక్కలున్నయ్" అని ఎత్తుకుని పక్కన కూర్చోబెట్టాక ఫోన్ సంగతి చూడొచ్చు. రాలిన ముక్కలను చేత్తో ఏరొద్దు, తడిగుడ్డతో అద్ది తీయండి. స్క్రీన్ మీద వెడల్పాటి పారదర్శక టేపు అతికిస్తే ఇంకా రాలకుండా ఉంటుంది, వేలు తెగదు.

ఫోన్ నీళ్లలో పడితే వరుస మారుతుంది. తీసీ తీయగానే స్విచాఫ్ చేయండి. తుడిచి, ఛార్జింగ్ రంధ్రం కిందికి ఉండేలా గాలి తగిలే చోట పెట్టండి. ఆరేదాకా ఛార్జింగ్ పెట్టొద్దు. తడి దానంతట అది చేసే నష్టం కంటే తడి మీద పారే కరెంటు చేసే నష్టమే ఎక్కువ.

బియ్యం డబ్బాలో పెడితే తడి పీల్చుకోదా? చాలా ఇళ్లలో మొదట చేసేది అదే. కానీ 2024లో ఆపిల్ కంపెనీ తన ఐఫోన్ వాడకందారులకు ఇచ్చిన సూచనల్లో ఆ పని వద్దని చెప్పింది. బియ్యపు నలుసులు లోపలికి చేరి ఫోన్‌ను ఇంకా పాడు చేయొచ్చన్నది కారణం. ఫ్యాను గాలి చాలు.

"మాది వాటర్‌ప్రూఫ్ ఫోనే" అంటారా? డబ్బా మీద ఐపీ67 అని ఉంటే, పగుళ్లు లేని ఫోన్ ఒక మీటరు లోతు మంచినీళ్లలో అరగంట తట్టుకుంటుందని అర్థం. సబ్బు నీళ్ల బకెట్‌కు, సాంబారు గిన్నెకు ఆ హామీ వర్తించదు. ఒకసారి స్క్రీన్ పగిలాక అసలే వర్తించదు.

పడ్డాక ఫోన్ వీపు ఉబ్బినా, ముట్టుకుంటే కాలినా బ్యాటరీ దెబ్బతిన్నట్టే. నొక్కి సరిచేయొద్దు, ఛార్జింగ్ పెట్టొద్దు. పిల్లలకు, అంటుకునే వస్తువులకు దూరంగా బయట పెట్టి తర్వాత మెకానిక్‌కు చూపండి.

మన చేతిలోంచి పడితే పగలనిది, వాడు పడేస్తేనే ఎందుకు పగిలింది?

ఎత్తు లెక్కన చూస్తే మన చేతిలోంచి పడినప్పుడే దెబ్బ ఎక్కువ. మూడేళ్ల పిల్లాడి చేతి ఎత్తు సుమారు 60 సెంటీమీటర్లు. అక్కడి నుంచి జారిన ఫోన్ గంటకు 12 కిలోమీటర్ల వేగంతో నేలను తాకుతుంది. మనం నిలబడి మాట్లాడేటప్పుడు చెవి దగ్గర, అంటే మీటరున్నర ఎత్తు నుంచి జారితే ఆ వేగం 19 కిలోమీటర్లు దాటుతుంది. దెబ్బలోని శక్తి పిల్లాడు పడేసినప్పటికంటే రెండున్నర రెట్లు.

మరి తేడా ఎక్కడుంది? నేలలో. కరీంనగర్ గ్రానైట్‌కు పెట్టింది పేరు. ఇక్కడి క్వారీల నుంచి టాన్ బ్రౌన్ రాయి విదేశాలకు పోతుంది, మన హాళ్లలోనూ అలాంటి రాయే మెరుస్తుంటుంది. గ్రానైట్ ఇసుమంత కూడా లొంగదు. 200 గ్రాముల ఫోన్ 60 సెంటీమీటర్ల నుంచి పడి ఒక్క మిల్లీమీటరులో ఆగిపోయిందనుకోండి. దాని మీద పడే బలం ఉజ్జాయింపుగా 120 కిలోల బరువుతో సమానం. అదే ఫోన్ బొంత మీద పడి మూడు సెంటీమీటర్లు దిగబడి ఆగితే ఆ బలం నాలుగు కిలోలే. పైగా గ్రానైట్‌లో ఉండే పలుగురాయి రేణువులు గాజు కంటే గట్టివి. ఒక మూల తగిలితే చాలు, చీలిక మొదలవుతుంది.

ఈ లెక్క పిల్లాడిని కాపాడడానికి చెప్పింది కాదు. ఏం మారిస్తే ఫోన్ నిలుస్తుందో తేల్చుకోవడానికి. పిల్లాడి చేతి పట్టును రాత్రికి రాత్రి మార్చలేం. వాడి కింద ఒక బొంత మాత్రం పరవగలం.

అసలు నష్టం ఎంత?

కొత్తలో 24,000 పెట్టిన ఫోన్‌ను నాలుగేళ్లు, అంటే 48 నెలలు వాడతామనుకుందాం. నెలకు 500 రూపాయలు పడుతుంది. కొన్న 18 నెలలకు పగిలితే అప్పటికే 9,000 రూపాయల వాడకం మనకు ముట్టింది. మిగిలిన విలువ 15,000. ఫోన్ పూర్తిగా పోయినా నష్టం అక్కడితో ఆగుతుంది. డిస్‌ప్లే మాత్రమే పోతే నష్టం రిపేరు ఖర్చు మేరకే. అది 5,500 అనుకుంటే 68 కిలోల పత్తి, లేదా 18 రోజుల కూలి. తక్కువేమీ కాదు. అయినా 78 రోజులు ఎక్కడ, 18 రోజులు ఎక్కడ?

ఇంకా వాయిదాలు నడుస్తున్న ఫోన్ అయితే ఒక జాగ్రత్త. నెలకు 2,000 చొప్పున 12 వాయిదాలకు కొన్నది ఐదో నెల కట్టాక పగిలితే, మిగిలిన 14,000 కట్టక తప్పదు. ఫోనే లేనప్పుడు ఈఎంఐ ఎందుకు కట్టాలి అనుకోవద్దు. ఆ అప్పుకు, పగలడానికి సంబంధం లేదు. వాయిదా తప్పితే జరిమానా పడుతుంది, సిబిల్ స్కోరు, అంటే బ్యాంకులు మనల్ని నమ్మే కొలత, తగ్గుతుంది. రేపు ట్రాక్టరుకో ఇంటికో లోనుకు పోయినప్పుడు అది అడ్డొస్తుంది.

రిపేరు చేయించాలా, కొత్తది కొనాలా?

ఒక్క భాగహారం చాలు. రిపేరు ఖర్చును కొత్త ఫోన్‌కు నెలకు పడే ఖర్చుతో భాగించండి. మన ఉదాహరణలో 5,500ను 500తో భాగిస్తే 11. బాగుచేశాక ఫోన్ ఇంకో 11 నెలలకు మించి నడుస్తుందనుకుంటే రిపేరు లాభం. 18 నెలల ఫోన్‌కు ఇంకా 30 నెలల ఆయుష్షు ఉంది కాబట్టి రిపేరుకే ఇవ్వాలి. 40 నెలల ఫోన్‌కు మిగిలింది 8 నెలలే, దాని మీద 5,500 పెట్టడం దండగ.

దారి ఖర్చు కూడా ఈ లెక్కలో కలపండి. ఉట్నూరు చుట్టుపక్కల గూడెం నుంచి ఆదిలాబాద్ సర్వీస్ సెంటర్‌కు ఇవ్వడానికి ఒకసారి, తెచ్చుకోవడానికి ఒకసారి పోతే రెండు రోజుల కూలి పోతుంది. అది 614 రూపాయలు. బస్సు ఛార్జీ అదనం. ఇంట్లో ఆడవాళ్లు వెళ్తే ఆ ఛార్జీ మిగులుతుంది. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం.

షాపులో ఏం అడగాలి?

మెకానిక్ "కాంబో మార్చాలె" అంటాడు. కాంబో అంటే పైన గాజు, దాని కింద టచ్, ఆ కింద బొమ్మ కనిపించే డిస్‌ప్లే, మూడూ కలిసిన ఒక్క ముక్క. పై గాజు మాత్రమే పగిలి, టచ్ పనిచేస్తూ, బొమ్మలో మచ్చలూ గీతలూ లేకపోతే "ఒట్టి గ్లాసు మార్చొచ్చా?" అని అడగండి. కుదిరితే ఖర్చు బాగా తగ్గుతుంది.

నాలుగు ప్రశ్నలకు జవాబు బిల్లు మీద రాయించుకోండి. వేసేది ఒరిజినలా, కాపీయా? ఎన్ని రోజుల గ్యారంటీ? పాత ముక్క తిరిగి ఇస్తారా? చెప్పిన ధరలో జీఎస్టీ కలిసి ఉందా? చివరిది చిన్న ప్రశ్న కాదు. రిపేరు మీద జీఎస్టీ 18 శాతం. 5,500 చెప్పి బిల్లులో జీఎస్టీ విడిగా వేస్తే మొత్తం 6,490 అవుతుంది. ఏడాదికి 20 లక్షల లోపు వ్యాపారం ఉండి రిజిస్ట్రేషన్ లేని చిన్న షాపుకు జీఎస్టీ పేరుతో వసూలు చేసే హక్కు లేదు.

ఫోన్ ఇచ్చే ముందు సిమ్, మెమొరీ కార్డు తీసేయండి. టచ్ పరీక్షించడానికి లాక్ తీసి చూపించాల్సి రావచ్చు. యూపీఐ పిన్ మాత్రం ఎవరికీ అక్కర్లేదు. తీసిన సిమ్‌ను ఇంట్లో ఉన్న బటన్ ఫోన్‌లో వేసుకుంటే బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి. ఖాతాలోంచి తెలియకుండా డబ్బు పోయిందనిపిస్తే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

స్క్రీన్ పోతే ఫొటోలన్నీ పోయినట్టేనా?

కాదు. ఫొటోలు, నంబర్లు ఉండేది లోపలి బోర్డు మీద. డిస్‌ప్లే దానికి కిటికీ మాత్రమే. బొమ్మ కనిపిస్తూ టచ్ మాత్రమే పోతే, ఓటీజీ అనే చిన్న జాయింటుతో కంప్యూటర్ మౌస్‌ను ఫోన్‌కు తగిలించి చాలా ఆండ్రాయిడ్ ఫోన్లను నడపొచ్చు. షాపుకు ఇచ్చే ముందే ఇలా ఫొటోలు కాపీ చేసుకోవచ్చు. గూగుల్ ఖాతాకు 15 జీబీ జాగా ఎలాగూ ఉచితం.

వారంటీలో రాదా?

రాదు. ఏడాది వారంటీ తయారీ లోపాలకే. కింద పడటం, నీళ్లలో పడటం అందులోకి రావు. దుబాయ్ నుంచో సౌదీ నుంచో తెచ్చిన ఫోన్‌కు ఇంకో చిక్కు ఉంది. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు ఊళ్లలో నాయిన పంపిన ఫోన్ మీదే నాయినతో వీడియో కాల్ నడిచే ఇళ్లు ఎన్నో. చాలా కంపెనీలు వారంటీని ఫోన్ కొన్న దేశానికే పరిమితం చేస్తాయి. అక్కడి మోడల్‌కు ఇక్కడ ముక్క దొరకడం కూడా ఒక్కోసారి ఆలస్యమవుతుంది. అలాంటి ఫోన్‌కు రిపేరు ధర ముందే కనుక్కుని ఉంచుకోవడం మంచిది.

ఫోన్‌తో పాటు అమ్మే "స్క్రీన్ ప్రొటెక్షన్" వేరే సంగతి. పడి పగిలినా ఖర్చు భరిస్తామనే ఒప్పందం అది. కొనాలా వద్దా? 1,500 ప్రీమియం, క్లెయిమ్ చేసినప్పుడు మన జేబులోంచి 1,000 అనుకుందాం. 5,500 రిపేరులో 4,500 వాళ్లు భరిస్తారు. 1,500 పెట్టి 4,500 పొందడం కాబట్టి, ఏడాదిలో స్క్రీన్ పగిలే అవకాశం మూడింట ఒక వంతు కంటే ఎక్కువ ఉంటేనే గిట్టుబాటు. పిల్లలు లేని ఇంటికి అది అనవసరం కావచ్చు. ఇద్దరు చిన్నపిల్లలు, గ్రానైట్ నేల ఉన్న ఇంట్లో ఆలోచించాల్సిందే.

పిల్లాడు పగలగొట్టాడంటే క్లెయిమ్ ఇవ్వరేమోనని కొందరు కథలు అల్లుతారు. వద్దు. ప్రమాదవశాత్తూ జరిగే నష్టానికే కదా ఆ పాలసీ. అబద్ధం బయటపడితే ఉన్న హక్కు కూడా పోతుంది. పాలసీ కాగితంలో మినహాయింపుల పేరా చదివి జరిగింది జరిగినట్టు చెప్పండి. ఫొటోలు తీసి పెట్టుకోండి. వాళ్లు ఒప్పుకోకముందే రిపేరు చేయించొద్దు. సమాచారం ఇవ్వడానికి గడువు ఉంటుంది, కొన్నిట్లో రెండు రోజులే.

న్యాయమైన క్లెయిమ్ తోసిపుచ్చితే ఎక్కడికి పోవాలి? పాలసీ ఇన్సూరెన్స్ కంపెనీది అయితే ముందు ఆ కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. దారి తెలియకపోతే బీమా భరోసా నంబరు 155255 ఉంది. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్, అంటే బీమా తగాదాలు రుసుము లేకుండా తేల్చే అధికారి దగ్గరికి వెళ్లొచ్చు. షాపో, ఫోన్ కంపెనీయో ఇచ్చిన సర్వీస్ ప్లాన్ అయితే అంబుడ్స్‌మన్‌కు సంబంధం లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పండి, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. కొన్న విలువ ఐదు లక్షల లోపు అయితే రుసుము లేదు.

పిల్లాడిని ఏం చేయాలి?

"నేను పడెయ్యలే అమ్మా, చేతులకెళ్లి జారింది" అంటాడు వాడు. చాలాసార్లు అది నిజం. నేరాల గురించి చెప్పే భారతీయ న్యాయ సంహితే ఏడేళ్ల లోపు పిల్లల చర్యను నేరంగా చూడదు. ఏడు నుంచి పన్నెండేళ్ల మధ్య వాళ్లయితే చేసిన పని అర్థమయ్యే పరిణతి ఉందా అని చూడమంటుంది. ఇంట్లో ఫోన్ విషయంలోనూ ఆ మెట్లు పనికొస్తాయి.

ఏడేళ్ల లోపు పిల్లలకు ఫోన్ ధరతో పని లేదు. వాళ్లకు తెలిసే కొలత ఒక్కటే: "ఇది పగిలింది, బాగయ్యేదాక బాపుతోని వీడియోల మాట్లాడలేం." అంతకు మించి శిక్ష అక్కర్లేదు. ఏడు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు చిన్న వాటా ఇవ్వొచ్చు. వారానికి ఇచ్చే చిల్లరలోంచి 20 రూపాయలు, ఐదు వారాలు. ఆ 100తో బాగుచేసిన ఫోన్‌కు వాడి చేతే టెంపర్ గ్లాస్ వేయించండి. 5,500 నీవల్లే పోయిందని రోజూ గుర్తుచేస్తే వాడు తీర్చలేని అప్పు మోయాలి. 100 అయితే తీరే అప్పు. పదమూడు దాటిన వాళ్లతో ఈ లెక్కలన్నీ కూర్చుని వేయించండి. షాపుకు వాళ్లనే తీసుకెళ్లి నాలుగు ప్రశ్నలూ అడగమనండి. స్కూలు ఫీజు, దసరా బట్టల జోలికి మాత్రం పోవద్దు.

రెండు దెబ్బలు వేస్తేనే జ్ఞాపకం ఉంటుందంటారా? ఉంటుంది, కానీ గుర్తుండేది దాచిపెట్టాలన్న సంగతి. అప్పుడు బాపమ్మ కూడా "బాపుకు జెప్పకు బిడ్డా, నేను జూస్కుంట తియ్" అని ఫోన్‌ను బీరువాలో బట్టల కింద పెడుతుంది. దాచినందుకు అయ్యే ఖర్చు కూడా లెక్క కట్టొచ్చు. రెండు రోజుల గడువు దాటితే పాలసీ నుంచి వచ్చే 4,500 పోయినట్టే. నీళ్లలో పడిన సంగతి తెలియక ఎవరో రాత్రి ఛార్జింగ్ పెడితే బోర్డు కాలి, ఆరబెడితే తీరిపోయేది ఫోన్ మొత్తానికి వస్తుంది. పిల్లాడు పరుగెత్తుకుంటూ వచ్చి "అమ్మా, ఫోన్ నీళ్లల్ల పడ్డది" అని చెప్పే ఇంట్లో నష్టం ఎప్పుడూ తక్కువే. ఏ పాలసీకీ లేని లాభం అది, దానికి ప్రీమియం మనం నోరు అదుపులో పెట్టుకోవడమే.

మళ్లీ ఇస్తే మళ్లీ పగలగొట్టడా?

పగలగొట్టొచ్చు. అందుకే ముందు అసలు ఎందుకు ఇస్తున్నామో చూసుకోవాలి. "ఫోన్ పెడితేనే అన్నం తింటడు" అనే ఇళ్లలోనే ఫోన్‌కు గండం ఎక్కువ, అదీ రోజుకు మూడు పూటలా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రెండేళ్ల లోపు పిల్లలకు స్క్రీన్ అసలు వద్దు, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట మించొద్దు. పిల్లాడి కోసం ఆ సమయం తగ్గిస్తే ఫోన్‌కు గండమూ తగ్గుతుంది.

ఇవ్వక తప్పనప్పుడు 150 పెట్టి టెంపర్ గ్లాస్, 200 పెట్టి మూలలు మందంగా ఉండే పౌచ్ వేయండి. మొత్తం 350, అంటే రిపేరు ఖర్చులో పదిహేనో వంతు కంటే తక్కువ. పిల్లాడు బొంత మీద కూర్చుంటేనే ఫోన్ అని నియమం పెట్టండి. ఛార్జర్ వైరు టేబుల్ అంచున వేలాడకుండా చూడండి. వైరు లాగినా ఫోన్ పగులుతుంది, అప్పుడు దాన్ని అక్కడ పెట్టింది మనమే అవుతాం.

టీవీ మాటేమిటంటారా? బంతి తగిలి టీవీ ప్యానెల్ పగిలితే ఆ ముక్క ధరే చాలాసార్లు కొత్త టీవీ ధరకు దగ్గరగా పోతుంది, రిపేరు గిట్టదు. దాన్ని గోడకు ఎత్తుగా బిగించడమే మేలు. మీద పడి పిల్లలకు దెబ్బ తగిలే ప్రమాదమూ తప్పుతుంది.

ఇన్ని లెక్కలు ఆ కోపంలో ఎవరికి గుర్తుంటాయి? ఉండవు. అందుకే ఫోన్ పగలకముందే బిల్లు వెతికి దాని వెనక నాలుగు సంగతులు రాసి పెట్టండి: కొన్న నెల, నెలకు పడే ఖర్చు, డిస్‌ప్లే మార్చడానికి అయ్యే ధర, పాలసీ ఉంటే ఎన్ని రోజుల్లో చెప్పాలన్నది. పగిలిన రోజు ముందు ఆ కాగితం తీయండి, పిల్లాడితో మాట తర్వాత మాట్లాడొచ్చు.